తిని వచ్చిన చుట్టానికి ఏం వడ్డిస్తాం?

(కర్నూలులో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక గేమ్ డిజైనర్ చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాశాం. మైకు పోయిన చోట రెండు మూడు వాక్యాలు లేవు.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినపడుతోందా? సరే. నన్ను పిలిచినప్పుడు కాగితం మీద "గేమింగ్‌లో కెరీర్" అని రాశారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. జీతం నిదానంగా పెరుగుతుంది, నిద్ర తొందరగా తగ్గుతుంది. (నవ్వులు) అది అయిపోయింది కాబట్టి నాకిష్టమైన విషయం మాట్లాడతాను.

పెద్ద ఓపెన్ వరల్డ్ ఆర్పీజీ ఒకటి వస్తుంది, అంటే ఒక పాత్రగా మారి పెద్ద లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరిగే ఆట. జనం వంద గంటలు ఆడతారు. ఏడాదికో రెండేళ్ళకో దానికి ఎక్స్‌పాన్షన్ వస్తుంది, అంటే పాత ఆటకు అదనంగా చేర్చే కొత్త భాగం, మీరు డీఎల్‌సీ అంటారే, అది. ఇందులో కథ, క్వెస్టులు, అంటే ఆట మనకు అప్పగించే పనులు, ఎక్కువ ఉండాలా, ఊరికే తిరగడానికి కొత్త నేల ఎక్కువ ఉండాలా? మా పనిలో ఈ గొడవ ఎప్పుడూ ఉంటుంది. కథలు రాసేవాళ్ళు ఒక వైపు, నాలాగా మ్యాపులు గీసేవాళ్ళు ఇంకో వైపు. టీ తాగేటప్పుడు కూడా తెగదు.

నేను పత్తికొండ వైపు దాన్ని. తొలకరి పడితే మా వైపు ఏం జరుగుతుందో మీకు తెలుసు. తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు బయటపడతాయి. వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద, గుళ్ళలో పడుకుంటారు. ఫలానా రైతుకు దొరికిందట, ఫలానా కూలీకి దొరికిందట అని ప్రతి ఏడూ పేపర్లో వస్తుంది. అనంతపురం వైపు వజ్రకరూరులోనూ ఇదే కథ.

మా అవ్వ నన్ను రెండు మూడేళ్ళు వెంట తీసుకుపోయింది. సద్ది కట్టుకుని చీకటితో బయల్దేరేవాళ్ళం. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే మెరుపు కనపడుతుందని ఆమె నమ్మకం. తలొంచుకుని నడవడమే పని. మాకు ఏమీ దొరకలేదు. పలుగురాళ్ళు మాత్రం ఒక డబ్బా నిండా ఉండేవి. కానీ ఆ చేలల్లో ఏ గట్టు తర్వాత ఏ చెట్టు వస్తుందో, ఎర్రమట్టి ఎక్కడ ఆగి నల్లరేగడి ఎక్కడ మొదలవుతుందో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్తాను.

అదే అవ్వతో శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి కూడా పోయేదాన్ని. అది మొక్కు. ఏ రోజు పోవాలో, ఏ బస్సు ఎక్కాలో, అక్కడ ఏం చేయాలో అన్నీ ముందే తెలుసు. దారి ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేను. బస్సులో పక్క సీటు ఆమె తన కోడలి గురించి చెప్పిన సంగతులు మాత్రం పొల్లుపోకుండా గుర్తున్నాయి. (నవ్వులు)

ఆటల్లోనూ నాకు అట్లే కనపడుతుంది. క్వెస్టు మనుషుల్ని గుర్తుంచుకునేలా చేస్తుంది. తిరుగుడు నేలను గుర్తుంచుకునేలా చేస్తుంది. రెండూ కావాలి. ఇంకోటి కూడా గమనించండి. వజ్రం అనేది లేకపోతే మేం ఆ చేలల్లో అడుగు పెట్టేవాళ్ళమే కాదు. అంటే అక్కడా ఒక క్వెస్టు ఉంది. అది ఏం కావాలో చెప్పింది, ఎక్కడుందో చెప్పలేదు.

ఇది మామూలు ఆటలో సులభం. ఎందుకంటే మొదట్లో ఆటగాడు చింకి గుడ్డలతో, తుప్పు కత్తితో ఉంటాడు. ఏ పెట్టె తెరిచినా ఏదో ఒకటి పనికొస్తుంది. ఆకలితో ఉన్నవాడికి సంగటి ముద్ద పెట్టినా పరమాన్నమే. ఎక్స్‌పాన్షన్‌కు వచ్చేవాడు అట్లా కాదు. వాడు కడుపు నిండా తిని వచ్చిన చుట్టం. ఆటలో ఉన్న మంచి కత్తి వాడి దగ్గరే ఉంది. లక్షల్లో నాణేలున్నాయి, కొనడానికేం లేదు. కొత్త దీవిలో కొండెక్కి, గుహ దూరి, పెట్టె తెరిస్తే తన కత్తి కంటే తక్కువ కత్తి వస్తుంది. రెండు పెట్టెలు చూస్తాడు, మూడోదాని దగ్గరికి పోడు. తిరగాలన్న ఆశ అక్కడే చచ్చిపోతుంది. దృశ్యం ఎంత అందంగా గీశామన్నదానికీ దీనికీ సంబంధం లేదు.

అందుకే చాలా ఎక్స్‌పాన్షన్లు చుట్టాన్ని రెక్క పట్టుకుని లోపలికి లాగుతాయి. 2002లో మారోవిండ్ అనే ఆట వచ్చింది, అదే ఏడాది దానికి ట్రైబ్యునల్ అనే ఎక్స్‌పాన్షన్. అది ఎలా మొదలవుతుందో తెలుసా? ఆటలో నిద్రపోతే ఒక హంతకుడు వచ్చి మీద పడతాడు. ఆట అప్పుడే మొదలుపెట్టిన పసివాడి మీదకు కూడా వచ్చేవాడు. వాణ్ని ఎలాగో చంపగలిగితే ఒంటి మీది కవచం మనకే, ఆ దశలో అది పెద్ద లాటరీ. కొత్త కథకు తలుపు తెరవబోయి పాత ఆట మొత్తాన్ని తలకిందులు చేసుకున్నారు. ఆ ట్రైబ్యునల్ జరిగేది మోర్న్‌హోల్డ్ అనే కోట నగరంలో. మారోవిండ్‌లో మంత్రం వేసుకుని గాల్లో ఎగిరి ఎక్కడికైనా పోవచ్చు. అలా తిరగడం అలవాటైన మనిషిని నాలుగు ప్రాకారాల మధ్య దింపి, ఇక్కడ ఎగరకూడదన్నారు. కథ మీద గౌరవంతో కాళ్ళకు తాడు కట్టడం అంటే ఇదే. మరుసటి ఏడాది, 2003లో, బ్లడ్‌మూన్ వచ్చింది. సోల్‌స్థైమ్ అనే మంచు దీవి, కావలసినంత బయలు. ఒకే ఆటకు రెండు ఎక్స్‌పాన్షన్లు, రెండూ రెండు దిక్కులు. అదే దీవికి 2012లో అదే వరసలోని స్కైరిమ్ ఆటకు వచ్చిన డ్రాగన్‌బోర్న్ ఎక్స్‌పాన్షన్‌లో మళ్ళీ పోతాం. పాతది ఆడినవాళ్ళకు అది సొంతూరికి తిరిగొచ్చినట్టుంటుంది. చిన్నప్పుడు చూసిన చెరువు ఎండిపోయి కనపడినట్టు.

ఇక క్వెస్టుల వైపు గట్టిగా నిలబడిన ఉదాహరణ చెప్తాను. విచర్ 3, 2015. ఎంతమంది ఆడారు? చేతులెత్తండి. ల్యాప్‌టాప్ కాలిపోయినా ఆడారు కదా. (నవ్వులు) ఆ ఆటలో మ్యాపు మీద స్కెలిగె దీవుల చుట్టూ సముద్రంలో ప్రశ్న గుర్తులు ఉంటాయి. పడవ వేసుకుని పోతే దొంగరవాణా సరుకు మూటలు. ఒకటి, రెండు, పది... అన్నీ అవే. తిరుగుడును కూలిపనిగా మార్చడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ సముద్రం చాలు.

అదే ఆటకు అదే ఏడాది అక్టోబర్‌లో హార్ట్స్ ఆఫ్ స్టోన్ వచ్చింది. కొత్త దేశం లేదు, ఉన్న మ్యాపులోనే ఒక మూల కాస్త పెంచారు. అయినా జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎందుకు? అందులో ఒక పెళ్ళి ఉంది. చచ్చిపోయిన మనిషి దయ్యం మన హీరో గెరాల్ట్ ఒంట్లో దూరి, ఆ పెళ్ళికి పోయి ఆడిపాడుతుంది. ఎప్పుడూ మొహం మాడ్చుకుని ఉండే గెరాల్ట్ ఆ రాత్రి గంతులేస్తాడు. అక్కడ కత్తికి పనే లేదు! సంచిలో ఎంత గొప్ప ఆయుధం ఉంటే ఏం లాభం, పెళ్ళిలో. తిని వచ్చిన చుట్టాన్ని విస్తరి ముందు కాకుండా కబుర్లలో కూర్చోబెట్టారన్న మాట. నేను మ్యాపులు గీసేదాన్ని అయినా ఒప్పుకుంటాను, నేల చాలక కాదు, మనిషి చాలక చాలా ఎక్స్‌పాన్షన్లు పాడయ్యాయి.

2016 మే నెలాఖరున వచ్చిన బ్లడ్ అండ్ వైన్‌లో టూసాన్ అనే కొత్త ప్రాంతం ఇచ్చారు. ద్రాక్షతోటలు, రంగు రంగుల కోటలు. హీరోకు ఒక ఇల్లు, తోట ఇచ్చారు. డబ్బు ఖర్చుపెట్టడానికి చివరికి ఒక చోటు దొరికింది. నాకు అందులో బాగా నచ్చింది బ్యాంకు క్వెస్టు. గెరాల్ట్ చనిపోయాడని బ్యాంకులో రాసేసి ఖాతా ఆపేస్తారు. రాక్షసుల్ని చంపే మనిషి "నేను బతికే ఉన్నాను" అని కాగితం కోసం ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరుగుతాడు. లైఫ్ సర్టిఫికెట్ కోసం తిరిగిన మన తాతలు ఆడితే మొదటిసారే గెలుస్తారు. (నవ్వులు, చప్పట్లు)

ఇప్పుడు తిరుగుడు వైపు. నింటెండో వాళ్ళ బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, 2017 మార్చి. దానికి జూన్‌లో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ మొదటి భాగం వచ్చింది. అందులో ఒక చిన్న సదుపాయం ఉంది, పోరాటాలూ బట్టలూ పక్కన పెడితే నా దృష్టిలో అసలు విలువ దానిదే. మనం నడిచిన దారిని మ్యాపు మీద పచ్చని గీతగా చూపిస్తుంది. చివరి రెండు వందల గంటల దాకా. నేను దాన్ని మొదటిసారి తెరిచినప్పుడు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కొన్ని చోట్ల గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. అవన్నీ ఎవరో ఏదో తెమ్మంటే పోయిన దారులు. కొన్ని చోట్ల మడిలో నీళ్ళు వదిలినట్టు మెలికలు తిరిగి, వెనక్కి వచ్చి, గుంట కనపడిన చోటల్లా నిలబడి పోయింది. అవి నా సొంత దారులు. ఎవరూ పంపలేదు. రెండు వందల గంటల్లో నేను ఎప్పుడు నాకోసం నడిచానో, ఎప్పుడు వేరేవాళ్ళ కోసం నడిచానో ఆ గీతే చెప్పేసింది. గీత అసలు పోని ఖాళీ చోట్లు కూడా కనపడ్డాయి. ఆ ఖాళీలు చూసి మళ్ళీ ఇరవై గంటలు ఆడాను. కొత్త నేల అంగుళం కూడా ఇవ్వకుండా పాత నేలనే కొత్తగా అమ్మారు.

అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన రెండో భాగం చాంపియన్స్ బాలడ్. ఆట మొదలైన పీఠభూమికే మళ్ళీ పంపుతుంది. చేతికి ఒక ఆయుధం ఇస్తుంది, దాంతో ఒక్క దెబ్బ కొడితే ఎవరైనా చస్తారు. కానీ మనల్ని కూడా ఎవరైనా ఒక్క దెబ్బ కొడితే చాలు. వంద గంటలు పోగేసుకున్న బలం గుమ్మం బయటే. మొదటి రోజు పొదల్లో నక్కి నక్కి నడిచామే, మళ్ళీ అలాగే నడుస్తాం. చుట్టాన్ని పది మైళ్ళు నడిపించి మళ్ళీ ఆకలి పుట్టించారు. ఆ తర్వాత కొన్ని చోట్లకు పోవాలి. బాణం గుర్తు ఉండదు. మ్యాపు నుంచి కత్తిరించిన చిన్న ముక్కలు చూపిస్తారు. ఈ వంపు ఏ నదిది, ఈ గుట్ట ఎక్కడిది అని మన మ్యాపులో మనమే పోల్చుకోవాలి. ఇది క్వెస్టా, తిరుగుడా? చెప్పండి. (ఒక విద్యార్థి: "రెండూ, అక్కా.") ఆ, రెండూ.

ఎల్డెన్ రింగ్ గురించి అడుగుతారని తెలుసు, ఆ టీ షర్టు కనపడుతోంది. 2022 ఫిబ్రవరిలో ఆట, 2024 జూన్ 21న షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీ. అసలు ఆటలో ఇద్దరు పెద్ద బాసుల్ని, అంటే బలమైన శత్రువుల్ని, కొట్టాక గానీ లోపలికి పోనివ్వరు. అంటే వచ్చేవాళ్ళందరూ వస్తాదులే. ఈ వస్తాదుల్ని ఏం చేయాలి? అక్కడ వాళ్ళు చేసిన పని చూడండి. కొత్త నేలలో స్కాడుట్రీ ముక్కలని ఉంటాయి, మొత్తం యాభై. వాటిని ఏరుకుని వాడుకుంటే బలం మెట్టు మెట్టుగా పెరుగుతుంది, ఇరవై మెట్లు. ఆ బలం ఆ నేల మీదే చెల్లుతుంది, బయటికొస్తే లేదు. లెవెల్ నూట యాభై అని మీసం మెలేసినవాణ్ని కూడా మామూలు సైనికుడు రెండు దెబ్బల్లో పడేశాడు. చాలామంది తిట్టారు, మరీ కష్టమని. వాళ్ళు నేరుగా బాసు నుంచి బాసుకు పరిగెత్తినవాళ్ళు. చేలల్లో తిరక్కుండా వజ్రాల వ్యాపారి దగ్గరికి పోయినట్టు. విడుదలైన కొద్ది రోజులకే మొదటి సగం మెట్లలో బలం ఇంకాస్త ఎక్కువ వచ్చేలా కంపెనీ సరిచేసింది.

పొగడ్త చాలు, తప్పు కూడా చెప్పాలి. అదే ఎక్స్‌పాన్షన్‌లో కొన్ని పెద్ద బయళ్ళు వట్టివి. గుర్రమెక్కి పోతూనే ఉంటాం, చూడ్డానికి భలే ఉంటుంది, దొరికేది శూన్యం. నిజం ప్రపంచంలో ఖాళీ చేను ఖాళీగానే ఉంటుంది అని సమర్థించేవాళ్ళున్నారు. నేను సమర్థించను. మా అవ్వకు వజ్రం దొరకలేదు గానీ దొరకొచ్చు అనే నమ్మకం ఉండేది. నాలుగు బయళ్ళు వట్టివని తెలిశాక ఆటగాడికి ఐదోదాని మీద ఆ నమ్మకం ఉండదు.

నా సొంత బోల్తా ఒకటి చెప్పి ముగిస్తాను. నేను పనిచేసిన ఒక స్టూడియోలో ఫోన్ ఆటకు అదనపు దీవి ఒకటి గీశాను. అరవైకి పైగా చోట్లు, అన్నిటికీ గుర్తులు. డజను మందిని పిలిచి ఆడించాం. అన్నీ ఊడ్చేశారు, బాగుందన్నారు. తర్వాత తెల్ల కాగితం ఇచ్చి, మీరు తిరిగిన దీవి గీయండి అన్నాను. ఒక్కరూ గీయలేకపోయారు. ఒకతను గుండ్రంగా ఒక దోసె గీసి ఇచ్చాడు. (నవ్వులు) మూడు గంటలు వాళ్ళు చూసింది దీవిని కాదు, స్క్రీను మీది బాణాన్ని.

కోపంతో గుర్తులన్నీ తీసేశాను. మళ్ళీ ఆడించాం. సగం మంది "ఏం చేయాలో తెలీట్లేదు" అని అరగంటకే ఆపేశారు. అదీ నా తప్పే.

అప్పుడు మళ్ళీ మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె దారి చెప్పే పద్ధతి: "వంక దాటు, రెండు చింతచెట్లు వస్తాయి, కూలిన గుడిని ఎడంచేతికి పెట్టుకుని పో, మన్ను ఎర్రగైన కాడ నిలబడు." ఈ మాట వింటే పోయేవాడు చెట్లు చూడక తప్పదు, మన్ను చూడక తప్పదు. మారోవిండ్‌లో దారులు ఇట్లాగే మాటల్లో చెప్పేవాళ్ళు, డైరీలో రాసి ఉండేది. 2006లో దాని తర్వాతి ఆట ఆబ్లివియన్ వచ్చేసరికి దిక్సూచి మీద గుర్తు వచ్చింది. అప్పటి నుంచి మనం కళ్ళు పైకెత్తడం మానేశాం. దీవిలో నేను ఒక ముసలామెను పెట్టాను, బొరుగులు అమ్ముతుంది. ఏం పోగొట్టుకున్నదీ చెప్తుంది, దారి మాటల్లో చెప్తుంది, అంతే. ఈసారి దోసె గీసినతను చెట్లు గీశాడు. ఆ ఆట మాత్రం బయటికి రాలేదు, డబ్బులైపోయాయి. సరే, ప్రశ్నలు.

ప్రశ్న: అక్కా, అందరికీ అంత టైమ్ ఎక్కడుంది? ఆఫీసు నుంచి వచ్చి గంట ఆడేవాడికి దారి చూపే మార్కర్ ఉంటేనే కదా టెన్షన్ లేకుండా ఉండేది?

నిజమే. దాన్ని తప్పనడం లేదు. 2018లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో మొదట్లోనే అడుగుతారు, గుర్తులు కావాలా, మాటల్లో ఆనవాళ్ళు సరిపోతాయా అని. మంచి పద్ధతే. కానీ ఆ మాటలు ముందే రాసి ఉండాలి. చాలా ఆటల్లో మార్కర్ ఆపేస్తే ఇక దారి తెలిసే మార్గమే లేదు, ఎందుకంటే రాసినతను మార్కర్ ఉందిలే అనుకుని "పోయి వాణ్ని చంపిరా" అని వదిలేశాడు. ఎక్కడికి పోవాలి తండ్రీ?

ప్రశ్న: గండికోట మీద ఓపెన్ వరల్డ్ ఆట చేస్తే ఎలా ఉంటుంది?

గండికోట వద్దమ్మా, అందరూ పెన్నా లోయ అంచున ఫోటో దిగి వచ్చేస్తున్నారు, ఆటలోనూ అదే చేస్తారు. (నవ్వులు) సరదాకన్నాను. మసీదు, మాధవరాయ గుడి, ధాన్యాగారం, అన్నీ నడిచే దూరంలో ఉన్నాయి. లోయ అంచు చివర్లో కనపడేలా పెట్టగలిగితే చేయండి. మొదటి నిమిషంలోనే చూపించారంటే ఇక మీ దగ్గర ఏం మిగలదు.

ప్రశ్న: మేం నలుగురం బెలూం గుహల్లాంటి చోటుతో చిన్న ఆట చేశాం అక్కా. ఇప్పుడు దానికి రెండో భాగం చేయాలి. కథ ముందు రాసుకోవాలా, మ్యాప్ ముందు గీసుకోవాలా?

బెలూంకు పోయారా, ఫోటోలు చూసి చేశారా? పోయారు. మంచిది. మొత్తం గుహ మూడు వేల రెండు వందల మీటర్ల పైచిలుకు, మనల్ని పోనిచ్చేది కిలోమీటరున్నర. దీపాలున్నంత వరకే దారి. అక్కడ దీపమే మార్కర్. దీపాల వరస ఆగిపోయిన చోట నిలబడి అవతలి చీకట్లోకి తొంగిచూశారా లేదా? చూసే ఉంటారు, అందరూ చూస్తారు. మీ రెండో భాగం అక్కడ మొదలుపెట్టండి. కథా మ్యాపా అని తర్వాత కొట్టుకుందురు గానీ, ముందు మొదటి భాగం పూర్తి చేసినవాడి సంచిలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయండి. టార్చి ఉందా వాడి దగ్గర?

(విద్యార్థి: "ఉంది అక్కా. పెద్దది. బ్యాటరీ అయిపోదు.")

అయ్యో. అయితే ముందు ఆ టార్చి సంగతి చూడాలి. ల్యాప్‌టాప్ తెచ్చారా? ఇట్లా రండి, నా బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది.